120 రసాయనాలు, 15 టెస్టుల డబ్బు: మ్యుటాజెన్ల వేట ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటాను, తప్పుంటే సరిదిద్దండి. మీది జీడిమెట్లలో చిన్న యూనిట్. డై ఇంటర్మీడియట్లు, కొన్ని ఫార్మా ఇంటర్మీడియట్లు, అంటే రంగులు, మందులు తయారయ్యే దారిలో వచ్చే మధ్య రసాయనాలు చేస్తారు. ముడిసరుకులు, మధ్యలో పుట్టేవి, పక్క ఉత్పత్తులు కలిపి 120 పేర్లతో జాబితా రాశారు. వీటిలో మ్యుటాజెన్లు, అంటే డీఎన్ఏను మార్చేసేవి ఏవో తేల్చమని కస్టమర్ అడుగుతున్నాడు. చేతిలో ఉన్న డబ్బు 15 పూర్తి ఏమ్స్ టెస్టులకు (మ్యుటాజెన్లను బ్యాక్టీరియాతో పట్టే పరీక్ష) సరిపోతుంది. మీ ఎండీగారు "అన్నిటికీ ఏదో ఒక చవక టెస్టు కొట్టించేద్దాం" అంటున్నారు. కన్సల్టెంటేమో "ఒక్కోదానికి మూడేసి టెస్టులు చేస్తేనే నమ్మకం" అంటున్నాడు. ఎవరి మాట వినాలి అని మీ సందేహం.

ఇద్దరి మాటా వినకండి. ఏ టెస్టు చేయాలన్నది తర్వాత సంగతి. దేనికి చేయాలి, తప్పు ఫలితం వస్తే మనకు ఎంత నష్టం అన్నది ముందు కూర్చుని లెక్క వేసుకోవాలి. ఈ పనిలో ఇరవై ఏళ్ల పైన ఉన్నాను, మొదట తార్నాక వైపు, ఇప్పుడు తుర్కపల్లి వైపు. మా అమ్మ ఇప్పటికీ చుట్టాలందరికీ "మావాడు ఎయిమ్స్‌లో చేస్తాడు" అని చెప్పుకుంటుంది. నేను చేసేది ఏమ్స్ టెస్టు అని, బీబీనగర్ ఆసుపత్రికీ దానికీ సంబంధం లేదని ఎన్నిసార్లు చెప్పినా లాభం లేదు.

లెక్కకు వద్దాం. మీ 120లో నిజంగా మ్యుటాజెన్లు 12 ఉన్నాయనుకుందాం. మీరు చేయించే టెస్టు దొంగను దొంగగా పట్టేది 85 శాతం, దొరను దొరగా వదిలేది కూడా 85 శాతం అనుకుందాం. ఇది మరీ తక్కువ అంచనా ఏమీ కాదు. ఒకే రసాయనాన్ని వేర్వేరు ల్యాబుల్లో చేయిస్తే ఏమ్స్ ఫలితాలు కలిసేదే సుమారు 85 శాతం అని పాత పెద్ద పోలికల్లో తేలింది. ఇప్పుడు 120కీ చేయించారు. 12 మంది దొంగల్లో 10 మంది దొరుకుతారు. 108 మంది దొరల్లో 16 మంది కూడా దొంగల వరసలో నిలబడతారు. అంటే పాజిటివ్ వచ్చిన 26లో సగం పైన అబద్ధం. ఇద్దరు దొంగలేమో క్లీన్ చిట్‌తో ఇంటికెళ్లిపోయారు. మీ ఎండీగారి ప్లాన్ ఇచ్చేది ఇదీ.

ఇంకో దారి చూడండి. టెస్టుకు ముందు ఒక కెమిస్టు ఆ 120 స్ట్రక్చర్లను కాగితం మీద పరిచి చూశాడు. నైట్రో గుంపు తగిలించుకున్న బెంజీన్ రింగులు, ఆరోమాటిక్ అమైన్లు, ఎపాక్సైడ్లు, ఆల్కైల్ హాలైడ్లు, హైడ్రజీన్లు, నైట్రోసోలు, అజైడ్లు, ఇలా పేరుమోసిన అనుమానితులు 30 వేరుచేశాడు. 12లో 10 మంది ఈ 30లోనే దొరికారనుకుందాం. ఈ 30కి మాత్రమే టెస్టు చేస్తే ఎనిమిది, తొమ్మిది నిజమైనవి దొరుకుతాయి, అబద్ధపు పాజిటివ్‌లు మూడే. అదే టెస్టు, అవే శాతాలు. కానీ ఇప్పుడు పాజిటివ్ అంటే నమ్మొచ్చు. మిగిలిన 90కి కూడా చేశారనుకోండి, ఇద్దరి కంటే తక్కువ మందిని పట్టడానికి 90 టెస్టులు, దానికి తోడు 13 తప్పుడు అలారాలు. కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటే ఇదే.

అలాగని ఆ 90ని చెత్తబుట్టలో వేయమనడం లేదు. అందులో ఏది మీ కార్మికుడు పొడి రూపంలో చేత్తో ఎత్తిపోస్తాడు, ఏది చివరి ప్రోడక్ట్‌లో మిగులుతుంది అని చూసి నాలుగైదు తీయండి. స్ట్రక్చర్ అమాయకంగా ఉన్నా మనిషికి ఎక్కువ తగిలేవి అవి.

కాగితం పని అంటే చాలామందికి చులకన. నిజానికి డబ్బు మిగిలేది అక్కడే. మొదటి మెట్టు పాత డేటా వెతకడం. డై ఇంటర్మీడియట్లలో సగం పైన వందేళ్ల నాటి రసాయనాలు. అనిలీన్, నైట్రోబెంజీన్ లాంటి వాటికి మళ్లీ ఏమ్స్ చేయించి మీరు కొత్తగా కనిపెట్టేది ఏమీ ఉండదు. అమెరికా ప్రభుత్వ విష పరీక్షల కార్యక్రమం ఎన్‌టీపీ డేటాబేస్, యూరప్ రసాయనాల ఏజెన్సీ ఎకా రిజిస్ట్రేషన్ ఫైళ్లు ఉచితంగా చూడొచ్చు. ఒక జూనియర్‌ను రెండు వారాలు కూర్చోబెట్టండి. రెండో మెట్టు, స్ట్రక్చర్ చూసి మ్యుటాజెన్ అవునా కాదా అని అంచనా వేసే సాఫ్ట్‌వేర్. లోపల మన వర్గీకరణకు వేగా, టాక్స్‌ట్రీ, ఓఈసీడీ టూల్‌బాక్స్ చాలు, డబ్బు కట్టక్కర్లేదు. అదే మందుల మలినాల ఫైలు రెగ్యులేటర్‌కు వెళ్లాలంటే ఐసీహెచ్ ఎం7 (మందుల్లో మ్యుటాజెన్ మలినాల మీద అంతర్జాతీయ మార్గదర్శకం) ప్రకారం రెండు రకాల మోడళ్లు కావాలి, ఒకటి నియమాల మీద నడిచేది, ఒకటి గణాంకాల మీద నడిచేది. రెండింటి మీద ఒక మనిషి బుర్ర పెట్టి రాసిన అభిప్రాయమూ ఉండాలి. ఈ చివరిది లేకుండా ప్రింటౌట్లు జతచేసి పంపేవాళ్లను చూశాను, ప్రశ్నల మీద ప్రశ్నలు వచ్చాయి.

ఇంకో మాట, ఇది గట్టిగా చెప్తున్నాను. ఆ 120 పేర్ల జాబితా ఎవరు రాశారు? స్టోర్స్ రిజిస్టర్ చూసి రాసి ఉంటే సరిపోదు. 2018లో వల్‌సార్టన్ బీపీ మాత్రలు ప్రపంచమంతా వెనక్కి తీసుకున్నారు గుర్తుందా? అందులో దొరికిన నైట్రోసో మలినం ఎన్‌డీఎంఏ ఏ స్టోర్స్ రిజిస్టర్‌లోనూ లేదు. టెట్రజోల్ రింగు కట్టే స్టెప్పులో డీఎంఎఫ్ సాల్వెంటు, మిగిలిపోయిన అజైడ్‌ను చంపడానికి పోసే సోడియం నైట్రైట్ ఒకచోట కలిశాయి. డీఎంఎఫ్ కొద్దికొద్దిగా విరిగి డైమిథైల్ అమైన్ ఇస్తుంది, అది నైట్రైట్‌తో కలిసి ఎన్‌డీఎంఏ అవుతుంది. అక్కడ తప్పింది టెస్టు కాదు, జాబితా. కొన్నవే కాదు, రియాక్టర్‌లో పుట్టగలిగినవి కూడా మీ లిస్టులోకి రావాలి. దీనికి ప్రాసెస్ కెమిస్టునూ ప్లాంటులో షిఫ్ట్ చూసే ఆయన్నూ ఒక గదిలో కూర్చోబెట్టి, టీ తెప్పించి, స్టెప్పు స్టెప్పుకూ "ఇక్కడ ఇంకేం పుట్టొచ్చు" అని అడగడం తప్ప వేరే పద్ధతి నాకు తెలియదు.

ఇప్పుడు మీ కన్సల్టెంట్ చెప్పని విషయం. కొన్నిటికి టెస్టు చేయించకపోవడమే చవక. మందుల్లో మలినం విషయానికొస్తే, జీవితాంతం వాడే మందులో మ్యుటాజెనిక్ మలినం రోజుకు 1.5 మైక్రోగ్రాముల వరకు ఒప్పుకుంటారు. రోజుకు 10 మిల్లీగ్రాములే వాడే మందైతే ఇది 150 పీపీఎం, అంటే పది లక్షల వంతుల్లో 150. ఆ లెవెల్‌ను మామూలు విశ్లేషణ యంత్రం హెచ్‌పీఎల్‌సీతోనే చూపించే అవకాశం ఉంది. అనుమానితుడిని మ్యుటాజెన్ అనే అనుకుని, 150 కింద ఉందని చూపించి, చేతులు దులుపుకోండి. అదే రోజుకు ఒక గ్రాము మింగే మందైతే 1.5 పీపీఎం, దానికి ఇంకా సున్నితమైన ఎల్‌సీ-ఎంఎస్ కావాలి, మెథడ్ డెవలప్‌మెంట్ కావాలి, ప్రతి బ్యాచ్‌కూ నరకం. అక్కడ ఒక ఏమ్స్ నెగెటివ్ వస్తే దాని ఖర్చు ఆరునెలల్లో తిరిగొస్తుంది. కాబట్టి మీ పూర్తి టెస్టులు అలాంటి వాటికి దాచండి. అనుమానించే గుంపు మీ మలినంలోనూ అసలు మందులోనూ ఒకేలా ఉండి, ఆ మందుకు ఏమ్స్ నెగెటివ్ ఉంటే, దాన్ని మామూలు మలినంగానే చూడొచ్చు. ఎన్‌-నైట్రోసోలకు మాత్రం ఈ 1.5 లెక్క వర్తించదు. ఎన్‌డీఎంఏకు పెట్టిన హద్దు రోజుకు 96 నానోగ్రాములు, అంటే పదిహేనో వంతు.

ఇక టెస్టు సంగతి. బ్రూస్ ఏమ్స్ 1970ల్లో బర్కిలీలో కట్టిన పద్ధతి ఇది. హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం బయటి నుంచి అందకపోతే పెరగలేని సాల్మొనెల్లా బ్యాక్టీరియాను రసాయనంతో కలిపి, హిస్టిడిన్ దాదాపు లేని ప్లేటు మీద పోస్తాం. రసాయనం డీఎన్ఏను కెలికితే కొన్నిటిలో చెడిన జీన్ తిరిగి బాగవుతుంది, అవి కాలనీలుగా లేస్తాయి. రెండు రోజుల్లో లెక్కపెట్టేయొచ్చు. 50 ఏళ్లు దాటినా దీన్ని కొట్టే చవక టెస్టు రాలేదు.

చవక అన్నా ప్లేట్లు లెక్కవేయండి. ఏమ్స్ టెస్టుకు అంతర్జాతీయ మార్గదర్శకం ఓఈసీడీ 471 ప్రకారం ఐదు స్ట్రెయిన్లు (బ్యాక్టీరియా రకాలు), ఎలుక కాలేయం నుంచి తీసిన ఎంజైముల ద్రావణం ఎస్9 వేసి ఒకసారి, వేయక ఒకసారి, ఐదు డోసులు, రెండు కంట్రోళ్లు, ఒక్కోదానికి మూడు ప్లేట్లు. మొత్తం 210 ప్లేట్లు ఒక్క రసాయనానికి, ఒక్క రౌండుకు. అదే టీఏ98, టీఏ100 రెండే స్ట్రెయిన్లతో, ఒక్కోదానికి రెండు ప్లేట్లతో చేస్తే 56. ఏమ్స్‌లో దొరికే మ్యుటాజెన్లలో 90 శాతం పైన ఈ రెండు స్ట్రెయిన్లలోనే దొరుకుతాయి. కాబట్టి 30 అనుమానితులకు ముందు ఈ చిన్న టెస్టు చేయించండి. ఆరు గుంటల ప్లేట్లలో మినీ ఏమ్స్ అయితే శాంపిల్ కూడా మిల్లీగ్రాముల్లో సరిపోతుంది. ఇందులో స్పష్టంగా పాజిటివ్ వచ్చిన దానికి మళ్లీ 210 ప్లేట్లు తగలేయక్కర్లేదు, అది మ్యుటాజెన్, అంతే. పూర్తి టెస్టు కావాల్సింది నెగెటివ్ అని ఫైల్లో రాసుకోవాల్సిన వాటికే. ఇది చాలామంది తిరగేసి చేస్తారు.

ఇక్కడ డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టాలంటారా? కొత్త రకం టెస్టుల మీద కాదు, చేసే టెస్టును సరిగ్గా చేయడం మీద. రెండు మూడు సంగతులు చెప్తాను, అన్నీ నా చేతి మీదుగా జరిగినవే.

ఒకసారి మొక్కల నుంచి తీసిన ప్రోటీన్ పొడి వచ్చింది. టీఏ100లో మామూలుగా 120 దాకా ఉండే కాలనీలు డోసు పెరిగేకొద్దీ పెరుగుతూ 400 దాటాయి. చక్కటి గీత, గ్రాఫ్ గీస్తే పాఠ్యపుస్తకంలో బొమ్మలా ఉంది. జూనియర్ పాజిటివ్ అని రాసేశాడు. నాకెందుకో తేడా కొట్టింది. ప్లేటును మైక్రోస్కోప్ కింద పెట్టి వెనక పరుచుకున్న పలుచటి పొర, మేం లాన్ అంటాం, అది చూశాను. కంట్రోల్ ప్లేటులో సన్నటి మంచులా ఉంది, శాంపిల్ ప్లేటులో పెరుగు తోడుకున్నట్టు మందంగా ఉంది. విషయం అర్థమైంది. ఆ పొడిలోనే హిస్టిడిన్ ఉంది. మనం ఆకలితో ఉంచాలనుకున్న బ్యాక్టీరియాకు అది భోజనం పెడుతోంది. బాగా పెద్దగా కనిపించని కాలనీలు ఓ ఇరవై ఏరి, హిస్టిడిన్ లేని ప్లేటు మీద గీసి చూస్తే చాలామటుకు లేవలేదు. తర్వాత బ్యాక్టీరియాకు శాంపిల్ పట్టించి, కడిగేసి, అప్పుడు ప్లేటు మీద పోస్తే ఫలితం కంట్రోల్‌తో సమానం. మైక్రోస్కోప్ చూడటానికి పట్టింది పది నిమిషాలు. చూడకపోయి ఉంటే ఆ కస్టమర్ ప్రోడక్ట్ అక్కడితో ఆగిపోయేది.

రెండోది మీకు నేరుగా పనికొస్తుంది, ఎందుకంటే మీ లిస్టులో సల్ఫోనైల్ క్లోరైడ్లు కచ్చితంగా ఉంటాయి. వీటినీ యాసిడ్ క్లోరైడ్లనూ ల్యాబుల్లో మామూలుగా వాడే సాల్వెంటు డీఎంఎస్ఓలో కరిగించకండి. డీఎంఎస్ఓతోనే రియాక్టయి ఆల్కైల్ హాలైడ్ పుడుతుంది, అది మ్యుటాజెన్. ల్యాబు పాజిటివ్ ఇస్తుంది, అది మీ రసాయనం చేసిన పని కాదు. డ్రై అసిటోనైట్రైల్ లాంటిది వాడమని ముందే ఉత్తరంలో రాయండి. ల్యాబుకు మీ స్ట్రక్చర్ చెప్పకుండా "శాంపిల్-7" అని పంపితే వాళ్లు అలవాటుగా డీఎంఎస్ఓ పోస్తారు, వాళ్ల తప్పు కాదు.

మూడోది శుద్ధత. టీఏ98ను కొన్ని నైట్రో పాలీఆరోమాటిక్‌లు నానోగ్రాముల్లోనే లేపేస్తాయి. ప్లేటుకు 5 మిల్లీగ్రాముల దాకా వేస్తాం కదా, అందులో 0.1 శాతం అలాంటి మలినం ఉన్నా 5 మైక్రోగ్రాములు పడ్డట్టే. పాజిటివ్ వస్తే వెంటనే గుండెలు బాదుకోకుండా, మళ్లీ క్రిస్టలైజ్ చేసిన శాంపిల్‌తో ఇంకోసారి చేయించండి. సిగ్నల్ పడిపోతే దొంగ వేరేవాడు.

ఎస్9 గురించి ఒక్క మాట. చాలా రసాయనాలు కాలేయంలో మారాకే డీఎన్ఏను కొడతాయి, అందుకే ఎస్9. అది మైనస్ 80లో ఉండాలి. ఏప్రిల్, మేలో మన దగ్గర కరెంటు ఆటలు మీకు తెలుసు, జనరేటర్ అందుకునే లోపు ఒకసారి కరిగి మళ్లీ గడ్డకట్టిన ఎస్9 చూడ్డానికి అలాగే ఉంటుంది, పనిమాత్రం సగం చేయదు. ల్యాబు 2-అమినోఆంత్రసీన్ ఒక్కటే పాజిటివ్ కంట్రోల్ (టెస్టు పనిచేస్తోందని చూపే తెలిసిన మ్యుటాజెన్)‌గా చూపిస్తే ఒప్పుకోకండి, ఓఈసీడీ కూడా అది ఒక్కటే చాలదంటుంది. బెంజో(ఏ)పైరీన్ లాంటిదానితో ఆ బ్యాచ్‌ను పరీక్షించిన కాగితం అడగండి. నైట్రోసో రకాలకు మామూలు పద్ధతి చాలదు. హామ్‌స్టర్ ఎస్9 30 శాతం, ప్లేటు మీద పోసే ముందు 30 నిమిషాలు కలిపి ఉంచడం, ఇవి విడిగా అడిగి చేయించాలి. లేకపోతే దొరకాల్సినవి కొన్ని దొరకవు.

నేను ఎవరికైనా తప్పక చెప్పేది, ఎవరూ చేయనిది ఒకటుంది. ల్యాబుకు శాంపిళ్లు పంపేటప్పుడు రెండు మారువేషంలో కలపండి. ఒకటి తెలిసిన మ్యుటాజెన్, అదీ మరీ గట్టిది కాదు, నడిమిరకంది. ఇంకోటి మానిటోల్ లాంటి అమాయకం. కోడ్ నంబర్లే వేయండి, ఏదైనా జరగరానిది జరిగితే చూసుకోవడానికి సేఫ్టీ షీట్ సీల్ చేసిన కవర్లో పెట్టండి. నిజమైన శాంపిళ్లకు రెండు టెస్టులు తగ్గుతాయి, నిజమే. కానీ పైన నేను 85 శాతం "అనుకుందాం" అన్నానే, ఆ మాట కొంతైనా ఊహ నుంచి బయటపడుతుంది. ఒకసారి నేనిలా పంపిన మానిటోల్‌కు పాజిటివ్ వచ్చింది. ల్యాబు పేరు అక్కర్లేదు, విచారిస్తే రెండు శాంపిళ్ల ట్యూబులు తారుమారయ్యాయి. అది తెలియకపోతే ఆ వరసలో మిగతా ఫలితాలన్నీ నమ్మేవాళ్లం.

కన్సల్టెంట్ చెప్పిన మూడు టెస్టుల సంగతి. ఏదో ఒకదాంట్లో పాజిటివ్ వస్తే పాజిటివ్ అనే నియమం పెట్టుకుంటే, ఒక్కోటి 85 శాతం దొరల్ని వదిలే మూడు టెస్టులు కలిసి వదిలేది 61 శాతమే. మీ 108లో 42 మంది జైలుకు. ఇది కాగితం లెక్కే కాదు. 2005లో వచ్చిన పెద్ద సమీక్షలో ఏమ్స్, మౌస్ లింఫోమా, క్రోమోజోమ్ టెస్టులు కలిపి చూస్తే, ఎలుకల్లో క్యాన్సర్ తేని రసాయనాల్లో 75 నుంచి 95 శాతం కనీసం ఒకదాంట్లో పాజిటివ్ అయ్యాయి. అప్పట్లో సీహెచ్‌ఓ, వీ79 లాంటి హామ్‌స్టర్ కణాలు వాడటం, కణం చచ్చేదాకా డోసు పెంచడం కారణాల్లో కొన్ని. ఇప్పుడు మనిషి టీకే6 కణాలతో మైక్రోన్యూక్లియస్ టెస్టు (క్రోమోజోములు విరిగాయా అని చూసేది) చేయిస్తే కొంత నయం. అసలు రెండో టెస్టు ఎప్పుడు కావాలంటే, అది మొదటిది చూడలేని దాన్ని చూసేదైతేనే. ఏమ్స్ క్రోమోజోము విరగడాన్ని చూడలేదు. బెంజీన్ ఏమ్స్‌లో నెగెటివే, క్రోమోజోములను మాత్రం విరుస్తుంది. అందుకని ఎక్స్‌పోజర్ ఎక్కువున్న రెండు మూడింటికి మైక్రోన్యూక్లియస్ ఇవ్వండి. రెండు బ్యాక్టీరియా టెస్టులు చేయించడం మాత్రం ఒకే ఇంట్లో అన్నదమ్ములిద్దరిని సాక్ష్యం అడిగినట్టు. జంతువుల టెస్టులు మీ స్థాయికి ఇప్పుడు వద్దు.

ల్యాబుల విషయం. సిటీలోనూ జీనోమ్ వ్యాలీ వైపూ నాణ్యతా నియమాల సర్టిఫికెట్ ఉన్న జీఎల్‌పీ ల్యాబులు ఉన్నాయి. ఎన్‌జీసీఎంఏ (జీఎల్‌పీని తనిఖీ చేసే మన ప్రభుత్వ సంస్థ) సర్టిఫికెట్ ఉందా అనే కాదు, దాని స్కోప్‌లో మ్యుటాజెనిసిటీ ఉందా అని చూడండి. 2011 నుంచి మన జీఎల్‌పీ డేటాను ఓఈసీడీ దేశాలు ఒప్పుకుంటున్నాయి కాబట్టి విదేశాలకు పంపక్కర్లేదు. లోపలి వర్గీకరణకు చేసే చిన్న టెస్టుకు జీఎల్‌పీ ముద్ర అక్కర్లేదు, ఆ డబ్బు మిగుల్చుకోండి. సొంతంగా సెటప్ పెట్టుకుందామన్న ఆలోచన ఉంటే మానుకోండి. స్ట్రెయిన్లు కాపాడటమే ఒక ఉద్యోగం, పైగా అది సాల్మొనెల్లా.

ఎఫ్లుయెంట్ (ఫ్యాక్టరీ వదిలే వ్యర్థ) నీళ్ల గురించి కూడా చివర్లో అడిగారు. దానికి ఈ లెక్క వర్తించదు, అది మిశ్రమం. ఐఎస్ఓ 13829 ఉము టెస్టు (నీళ్లలో డీఎన్ఏను దెబ్బతీసేవి ఉన్నాయా అని బ్యాక్టీరియాతో చూసేది) ఒకటి నెలకోసారి చేయించి, మామూలు నెలతో పోల్చుకోండి. పెరిగితే ఆ వారం ఏ బ్యాచ్ నడిచిందో చూడండి.

మీరు ఇంకో ప్రశ్నకు జవాబిస్తే 30ని వరసలో పెట్టడానికి సాయం చేయగలను. మీ ప్లాంటులో సోడియం నైట్రైట్ వాడే స్టెప్పులు ఎన్ని, వాటి తర్వాత వచ్చే స్టెప్పుల్లో ఏ అమైన్లు, ఏ సాల్వెంట్లు ఉన్నాయి? డైలు చేస్తారు కాబట్టి డయాజోటైజేషన్ (సోడియం నైట్రైట్‌తో ఆరోమాటిక్ అమైన్‌ను మార్చే స్టెప్పు) ఉండే ఉంటుంది. రికవరీ చేసి మళ్లీ వాడే సాల్వెంట్ ఉంటే అదీ రాయండి.